బిక్షపతి తలూపాడు

ముప్పై ఏళ్ళు మగ్గాల షెడ్డులో పనిచేసిన మనిషికి చెవుడు వస్తుందని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. సూరత్‌లో, లింబాయత్ గల్లీల్లో, మన తెలంగాణ కార్మికుల్ని వెనకనుంచి పిలిచి చూడండి. పదిమందిలో ఎనమండుగురు తిరిగి చూడరు. పోనీ ఆ ఎనమండుగురిలో ఒక్కడైనా నాకు చెవుడని ఒప్పుకుంటాడా? అబ్బే! మోకాళ్ళ నొప్పి చెప్పుకుంటారు, మొలల బాధ కూడా చెప్పుకుంటారు, చెవి మాట ఎత్తితే మాత్రం మీద పడి కరుస్తారు.

బిక్షపతి కూడా ఆ బాపతే. యాభై నాలుగేళ్ళ మనిషి. కోరుట్ల దగ్గరి పల్లెనుంచి కుర్రతనంలో వచ్చి, పన్నెండు మగ్గాలు ఒక్కడే చూసుకునే కారీగర్ అయ్యాడు. ఆ మోతలో గొంతు చించుకున్నా మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. బిక్షపతికి ఆ విద్య బాగా అబ్బింది. షెడ్డు బయట కూడా దాంతోనే నెట్టుకొచ్చాడు. లారీ హారను, డప్పు, మగవాళ్ళ కేక, ఇలాంటి లావు చప్పుళ్ళు వినపడేవి. కుక్కరు కూత, ఫోను మోత, పిచ్చుకల గోల ఎప్పుడో పోయాయి. పోయాయన్న సంగతి అతనికే సరిగ్గా తెలియదు. ఎదుటివాడి పెదాలు కనపడితే చాలు, సగం చదివి, సగం ఊహించి, ఆఖరికి తలూపేవాడు. ఆ తలూపుడు అతన్ని ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ మోసం చెయ్యలేదు.

ఆ తర్వాత కరోనా వచ్చి ఊరందరి మూతులకూ గుడ్డలు కట్టింది.

భార్య సారక్కకు మొగుడి సంగతి తెలుసు. తెలిసినా ఆ మాట పైకి అనేది కాదు. భుజం తట్టి, ఎదురుగా వచ్చి నిలబడి, మాస్కు గడ్డం కిందికి లాగి చెప్పేది. పోలీసు కర్ర చూపించినా సరే, మొగుడితో మాట్లాడాల్సి వస్తే ఆమె మాస్కు కిందికి దిగాల్సిందే. "రాయితోని మొరపెట్టుకున్నట్టే ఉన్నది నీతోని" అని నవ్వేది. ఆమెకు పదేళ్ళుగా షుగరు. ఆరేళ్ళుగా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇన్సులిన్ సూది. వాళ్ళ గదిలో ఫ్రిజ్ లేదు. కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో స్టీలు డబ్బా దించి, మందు సీసాలు అందులో పెట్టుకునేది. రోజూ ఇసుక మీద చెంబెడు నీళ్ళు చిలకరించేది. ఆరేళ్ళపాటు ఆ కుండ ఒక్క సీసాను కూడా చెడనివ్వలేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

2020 మార్చిలో మగ్గాలు ఆగాయి. మే నెలకు లింబాయత్‌లో గల్లీకొకటి చొప్పున వెదురు బొంగులు అడ్డం కట్టి మూసేస్తున్నారు. లోపలున్నవాడు లోపలే. పక్క ఊరివాడు మల్లేష్‌కు సొంత వ్యాను ఉంది. "కాక, గీ గల్లీ గూడ బంద్ జేస్తరట. జల్దీ బయటపడుదాం పా. పర్మిట్ నేను జూసుకుంట" అన్నాడు. సర్కారు దవాఖానలో మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చారు. ఆరు సీసాలు. ఊళ్ళో దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఆ ఆరు సీసాలూ ఎండకు చెడకుండా ఊరు చేర్చాలి. బిక్షపతికి అప్పుడున్న ఒకే ఒక్క దిగులు అదే.

సారక్క సూరత్‌లోనే అడాజన్ పేటలో, తెలుగువాళ్ళే అయిన విశాలాక్షిగారింట్లో ఐదేళ్ళు వంట చేసింది. విశాలాక్షి భర్త సుహాస్ హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. సెలవు దొరికితే చాలు, కారెక్కి సాపుతారా కొండల్లో గుడారం వేసుకుని పడుకునే సరదా మనిషి. మందు సంగతి ఫోనులో విన్న విశాలాక్షి "కుండ పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు ఎలా పోతావు సారక్కా? మా క్యాంపింగ్ ఫ్రిజ్ ఇస్తాను, తీసుకెళ్ళు. బండి బ్యాటరీ మీద నడుస్తుంది" అంది. మంచి మనిషి. నిజంగా మంచి మనసుతోనే అంది.

మర్నాడు మల్లేష్ వ్యానులో బిక్షపతి అడాజన్ వెళ్ళాడు. సొసైటీ గేటు దాటనిచ్చారుగాని పార్కింగు దాటి లోపలికి రానివ్వలేదు. వాచ్‌మన్ అతని నుదుటికి జ్వరం చూసే మిషన్ గురిపెట్టి, చాక్‌తో గీసిన గుండ్రంలో నిలబడమన్నాడు. మల్లేష్ రోడ్డు మీద వ్యానులోనే ఉండిపోయాడు. సుహాస్ ఒక బూడిదరంగు పెట్టెను మోసుకొచ్చి, ఆరడుగుల దూరంలో పెట్టి, వెనక్కి జరిగి, ఇంతింత కళ్ళు చేసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సరదా వస్తువు గురించి చెప్పేటప్పుడు మగవాళ్ళకు ఎక్కడలేని ఓపికా వస్తుంది.

"చూడండి బిక్షపతిగారూ. ఈ వైరు డాష్‌బోర్డు మీద సాకెట్‌లో పెట్టాలి. పచ్చలైటు వెలిగితే నడుస్తున్నట్టు. అయితే ఒకటి, ఇంజను ఆపి ఉంటే బ్యాటరీ పద్నాలుగు పదిహేను గంటలకు మించి రాదు. అంచేత పూటకోసారి అరగంట ఇంజను ఆడించండి. బ్యాటరీ మరీ దిగిపోతే బండి స్టార్టవదు కదా, అందుకని ఇదే ముందు జాగ్రత్తగా ఆగిపోతుంది. ఆగేముందు పీప్ పీప్‌మని అరుస్తుంది. అది వినపడగానే ఇంజను వేసేయండి, అంతే. ఇంకోటి, దీనిమీద బట్టలూ గిట్టలూ కప్పొద్దు, గాలాడాలి. ఊరికే మూత తియ్యొద్దు. అర్థమైందా?"

ఇందులో బిక్షపతికి చేరింది ఎంతో చెప్పనా? నల్లగుడ్డ ఒకటి గాలికి ఆడినట్టు ఆడింది. చెయ్యి వైరు వైపు వెళ్ళింది, సాకెట్ అని అర్థమైంది. పచ్చలైటు చూపించాడు, అర్థమైంది. మూత మీద చెయ్యి పెట్టి అడ్డంగా ఊపాడు, తియ్యొద్దన్నమాట. మిగతాదంతా గుడ్డలోనే ఉండిపోయింది. అడగవచ్చు. మల్లేష్‌ను పిలవవచ్చు. "సారూ, నాకు జర చెవుల తక్కువ" అనే ఒక్క ముక్కకు ఎంతసేపు పడుతుంది? కానీ అంత పెద్ద ఇంజనీరు, సారక్క పనిచేసే ఇల్లు, గేటు దగ్గర వాచ్‌మన్ చూస్తున్నాడు. ఎట్లా అంటాడు?

బిక్షపతి తలూపాడు. "సమజైంది సారు" అన్నాడు.

ఊరు దాటాక, కడోదరా దారిలో, చెరకు కొట్టేసిన ఒక చేనులో బళ్ళన్నీ ఆగాయి. ఇరవై ముప్పై దాకా ఉంటాయి. మహారాష్ట్ర సరిహద్దు తెరిస్తేగాని కదిలేది లేదు, పర్మిట్ కాగితం వస్తేగాని సరిహద్దు దాకా పోయేది లేదు. వెనక్కి గదికి పోదామంటే, వాళ్ళు బయటికొచ్చిన రోజు సాయంత్రమే గల్లీకి వెదురు కట్టేశారు. ఇక చేనే ఇల్లు. చేను గట్టున వేపచెట్టు కింద సారక్కా, కూతురు లతా దుప్పటి పరుచుకున్నారు. లతకు పంతొమ్మిదేళ్ళు, సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. కరోనా అంటే హడలు. ముక్కు మీదినుంచి మాస్కు దించేది కాదు.

పెట్టె పక్కన ఒక బొమ్మ అంటించి ఉంది. చెరువు, గుడారం, పక్కనే కారు, నవ్వుతున్న ఆడా మగా. సారక్క దాన్ని వంగి చూసి పగలబడి నవ్వింది. మాస్కు కిందికి లాగి మొగుడి మొహంలో మొహం పెట్టి, "సూడరాదయ్యా, వాళ్ళు షోకుకు బయట పండుకుంటరు, మనం గతిలేక బయట పండుకుంటున్నం. ఫ్రిజ్ మాత్రం ఒక్కటే!" అంది. బిక్షపతికి కూడా నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ కలిసి నవ్వింది అప్పుడే.

ఐదు సీసాలు పెట్టెలోకి వెళ్ళాయి. వాడుతున్న ఆరో సీసా మాత్రం కుండలోనే ఉండనిమ్మంది సారక్క. "పూట పూటకు గా డబ్బ మూత దీసుడెందుకు" అంది. వ్యానులో ఎండ సూటిగా పడుతోంది. అయ్యో, పెట్టెకు ఎండ తగులుతోందే అని బిక్షపతి ప్రాణం కొట్టుకుంది. సారక్క పాతచీరలతో కుట్టిన బొంత తెచ్చి, తల్లి పసిగుడ్డుకు కప్పినట్టు చుట్టూ కప్పి, అంచులు కిందికి దోపాడు. ఎంత ప్రేమగా కప్పాడంటే పచ్చలైటు కూడా లోపలే ఉండిపోయింది. కళ్ళతో బతికే మనిషి, ఆ కళ్ళకు కూడా గంత కట్టుకున్నాడు.

మొదటి రెండు రోజులూ ఏ ఇబ్బందీ రాలేదు. ఫోన్లు ఛార్జి చెయ్యడానికి మల్లేష్ పొద్దునా సాయంత్రం ఇంజను వేసేవాడు. అందుకే పెట్టె నడిచింది. బిక్షపతికి ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. మూడోరోజు తెల్లవారగానే మల్లేష్ ఎవరిదో బండి వెనక కూర్చుని, తాళంచెవి జేబులో వేసుకుని, పర్మిట్ కోసం సూరత్‌లో ఆఫీసుల చుట్టూ తిరగడానికి పోయాడు.

ఆ రోజు పదిగంటలవేళ బిక్షపతి వ్యానులోనే, పెట్టెకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కాపలా అన్నమాట! చెరకుమోళ్ళ మీద ఎండ మెరుస్తుంటే చూస్తున్నాడు. నీళ్ళ బిందెతో వచ్చిన లత వ్యాను పక్కన ఆగింది. ఏదో అంది. మాస్కు కదిలింది. పెట్టె వైపు చెయ్యి చూపింది. నీళ్ళు కావాలా అంటోందనుకున్నాడో, డబ్బా పదిలమేనా అంటోందనుకున్నాడో, అసలు ఏమీ అనుకోలేదో.

తలూపాడు. "ఆ ఆ, నేను సూస్త తియ్యి" అన్నాడు.

లత సరేనని వెళ్ళిపోయింది. అతని మోచేతి కింద, బొంత కింద, పెట్టె అరుస్తూనే ఉంది. అరిచి అరిచి ఆగిపోయింది.

మల్లేష్ ఆ రోజు రాలేదు. మర్నాడు సాయంత్రం నాలుగింటికి వచ్చాడు, కాగితం ఊపుకుంటూ. "కాక! పర్మిట్ దొరికింది. బార్డర్ తెరిచిన్నాడు పోవుడే!" చేనులో పండగలా అయింది. పక్క బళ్ళవాళ్ళు కూడా వచ్చి కాగితాన్ని దూరంనుంచే చూసి వెళ్ళారు. సారక్క కళ్ళు తుడుచుకుంది. అదే సాయంత్రం కుండలో సీసా అయిపోయింది. "కొత్తది తేపోవయ్యా" అని మొగుణ్ణి పంపింది.

బిక్షపతి బొంత తీశాడు. పచ్చలైటు లేదు. మూత తీశాడు. లోపలినుంచి వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. మూసిన రేకు బండిలో, మే నెల ఎండలో, రెండు పగళ్ళు ఉడికిన ఆవిరి. సీసా చేతిలోకి తీసుకుంటే అప్పుడే పోసిన చాయ్ గ్లాసులా ఉంది.

మిగతా నాలుగూ తడిమి చూశాడు, అన్నీ అంతే. ఎప్పుడాగింది? ఎట్లా ఆగింది? తాను ఇక్కడే కదా కూర్చున్నది! సీసాను వెలుగుకు ఎత్తి చూశాడు. ఎప్పటిలాగే ఉంది. కొంచెం మసకగా ఉందా? లేదేమో. తన కళ్ళకు అలా కనిపిస్తోందేమో.

"కాక, ఏమైంది?" అని మల్లేష్ అడిగాడో ఏమో, వచ్చి చూసి, నాలుక కరుచుకుని, ఇంజను వేశాడు. వ్యాను ఒక్క తిప్పుకే లేచింది. పెట్టె తన పని తాను చేసింది మరి. బండిని కాపాడింది, మందును వదిలేసింది. పచ్చలైటు వెలిగింది. మల్లేష్ కాగితం చూపించడానికి మళ్ళీ పరుగెత్తాడు.

అప్పుడు చెప్పి ఉండవచ్చు బిక్షపతి. కడోదరాలో మందుల దుకాణం తెరిచే ఉంది. కానీ దుకాణంవాడి మూతికి గుడ్డ ఉంటుంది, తనకు అర్థం కాదు, లతను తీసుకెళ్ళాలి. లతకు చెప్పాలి. సుహాస్ సారుకు ఫోను చెయ్యవచ్చు. ఫోనులో తనకు ఏం వినపడి చచ్చింది, లతే మాట్లాడాలి. ఏ దారిన పోయినా ఆ ఒక్క ముక్క చెప్పుకోకుండా తప్పదు. పైగా ఈ రోజే పర్మిట్ వచ్చింది. అందరి మొహాలూ వెలిగాయి.

గంటసేపు ఇంజను ఆడాక సీసా ముట్టుకుని చూశాడు. చల్లగానే ఉంది. ప్రాణం లేచొచ్చింది. షెడ్డులో రోజుకు వంద పోగులు తెగుతాయి. ముడివేసి మళ్ళీ మగ్గం నడిపిస్తే బట్ట బట్టే, మడత పెట్టాక ఆ ముడి ఏ సేటుకూ కనపడదు. ఇది కూడా అంతే. మళ్ళీ చల్లబడింది కదా, ఇంక ఏమైంది? తనకు తాను అలా నచ్చజెప్పుకున్నాడు, మొండిగా, గట్టిగా.

సీసా తీసుకెళ్ళి ఇచ్చాడు. సారక్క మాస్కు కిందికి లాగి అతని మొహంలోకి చూసింది. "గింత సేపేంది? డబ్బ సల్లగనే ఉన్నదా?"

ఈసారి ప్రతి అక్షరమూ అర్థమైంది. ఆమె పెదాలు చదవడంలో అతను ఏనాడూ తప్పలేదు.

బిక్షపతి తలూపాడు.

సరిహద్దు తెరవలేదు. ఇంకో మూడు రోజులు ఆ చేనులోనే. మొదటి రోజు సారక్కకు దాహం ఎక్కువైంది. ఎండ కదా అనుకున్నారు. రెండోరోజు బిందెడు నీళ్ళు తాగింది, తాగినవన్నీ వాంతి చేసుకుంది. సూది మాత్రం పూట తప్పలేదు. ఆమె సూది వేసుకున్న ప్రతిసారీ బిక్షపతి లేచి చెరకుమోళ్ళ మధ్యకు నడిచి వెళ్ళేవాడు. పనిచెయ్యి, పనిచెయ్యి తల్లీ అని మందుకు దండం పెట్టుకునేవాడు. ఇప్పుడైనా చెప్పెయ్యాలి అనుకుని తిరిగి వచ్చేవాడు. వచ్చి నీళ్ళు పట్టించేవాడు, కాళ్ళు పిసికేవాడు. ఆ మాట ఒక్కటే నోటివెంట రాలేదు.

మూడోరోజు ఆమె ఊపిరి ఎగపీల్చడం మొదలైంది. అంతే, చేనులో బళ్ళు జరిగాయి. పక్కనున్న బండి అవతలి గట్టుకు పోయింది. దాని వెనకే ఇంకొకటి. అరగంటలో వాళ్ళ వ్యాను చుట్టూ ఇంత జాగా ఖాళీ అయింది. మొన్న కాగితం చూసి మురిసిపోయినవాళ్ళే! నూట ఎనిమిది బండి వచ్చింది. ఊపిరాడటం లేదంటే ఆ రోజుల్లో ఇంకొక జబ్బు పేరు ఎవరి నోటా రాలేదు. కరోనా వార్డులో వేశారు.

షుగరు చూసే మిషన్‌లో అంకె రాలేదట, అంతకుమించి కొలవలేదట అది. మర్నాడు డాక్టరమ్మ నఖశిఖపర్యంతం తెల్లని కవరులో వచ్చి లతతో హిందీలో మాట్లాడింది. మందు వేసుకుంటోందా? పూట తప్పకుండా. మందు ఎక్కడ పెట్టారు? ఫ్రిజ్‌లో. డాక్టరమ్మ తల అడ్డంగా తిప్పింది. లత చెబితే ఇదంతా బిక్షపతికి తెలిసింది. "బాపూ, ఆమెకే సమజ్ అయితలేదట. మందు వేసుకుంటుంటే షుగర్ ఇట్ల ఎందుకు ఎక్కుతదని అడుగుతుంది" అని కళ్ళనీళ్ళతో, అతని కోసం గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. బిక్షపతి గోడ వైపు తిరిగాడు.

దవాఖానలో చేరిన నాలుగో రోజున అద్దంలోనుంచి ఒక్కసారి చూపించారు. సారక్క మొహానికి ఆక్సిజన్ తొడుగు ఉంది. అద్దానికి ఇవతల మొగుణ్ణి చూసింది. చూడగానే అలవాటు చొప్పున చెయ్యెత్తి, ఆ తొడుగును గడ్డం కిందికి లాగింది. నర్సు పరుగెత్తుకొచ్చేలోపు నాలుగు మాటలు ఆడింది. ఆ పెదాలు బిక్షపతి చదివాడు. "డబ్బ వాపసియ్యి. మంచోళ్ళు." అంతే. బిడ్డ జాగ్రత్త అనలేదు, నేను పోతున్నా అనలేదు. అరువు తెచ్చిన వస్తువు తిరిగి ఇవ్వమంది.

ఆ మధ్యాహ్నమే పోయింది. రిపోర్టు రెండు రోజుల తర్వాత వచ్చింది. కరోనా లేదని.

ఆమె పోయిన తొమ్మిదో రోజున బిక్షపతీ లతా పెట్టె తీసుకుని అడాజన్ వెళ్ళారు. అదే గేటు, అదే చాక్ గుండ్రం. కాకపోతే ఈసారి రెండు గీశారు. విశాలాక్షి కూడా కిందికి వచ్చింది, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "సారక్క లేని ఇల్లు ఇల్లులా లేదు" అందట. సుహాస్ తల దించుకుని పెట్టె పక్కన కూర్చున్నాడు. చావింటి వాళ్ళ ముందు చేతులకు ఏం పని పెట్టాలో తెలియని మనిషి ఏం చేస్తాడు? తన కారులోంచి వైరు లాగి పెట్టెకు తగిలించాడు. మీటలు నొక్కి చూస్తున్నాడు. ఆ కారు రెండు నెలలుగా కదలనేలేదు, బ్యాటరీ బాగా దిగి ఉంది.

పచ్చలైటు ఎర్రబడింది.

విశాలాక్షి ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. వాచ్‌మన్ తల తిప్పాడు. మూల పడుకున్న కుక్క లేచి కూర్చుంది. బిక్షపతి అందర్నీ చూస్తున్నాడు. అతని చెవులకు ఆ పార్కింగులో ఆకు కూడా కదల్లేదు.

లత కళ్ళు మాత్రం పెట్టె మీదే నిలిచిపోయాయి. తండ్రి వైపు తిరిగి, అతనికి వినపడేంత గట్టిగా అరిచింది. "బాపూ! ఇదే. ఆ దినం బిందె తెచ్చినప్పుడు, డబ్బా కబ్ సే బజ్ రహా హై, ఎప్పట్నుంచో మోగుతుంది, చూడమని చెప్పిన. నువ్వు చూస్త అన్నవ్. తలూపినవ్!"

సుహాస్ లేచి నిలబడ్డాడు. ఎర్రలైటు వంక చూశాడు, బిక్షపతి వంక చూశాడు. ఏదో మెల్లగా అడిగాడు. గుడ్డ కదిలింది. అది మోగగానే ఇంజను వేశారు కదా అనే అడిగి ఉంటాడు. పాపం, అవునంటే బాగుండునని అతని కళ్ళు బతిమాలుతున్నాయి. ఒక్కసారి తలూపితే చాలు. ఎవరి పాపమూ ఎవరి మీదా ఉండదు. మెడ అలవాటుగా కదలబోయింది కూడా.

బిక్షపతి మెడ బిగబట్టాడు.

"నాకు ఇనబడలే సారు" అన్నాడు. గొంతు తనకే కొత్తగా తోచింది. "ఇప్పుడు గూడ ఇనబడ్తలేదు. మీరు ఆ దినం చెప్పింది గూడ ఇనబడలే, ఊకెనే తలూపిన. గది మొత్తుకున్నప్పుడు నేను పక్కనే కూసున్న. మందంత ఉడికిపోయింది. నేను సూసిన, చేతుల వట్టుకొని సూసిన. సారక్క సల్లగున్నదా అని అడిగితే..." లత వైపు తిరిగాడు. "ఉన్నదని తలూపిన."

విశాలాక్షి మెట్ల మీద కూలబడింది. సుహాస్ వంగి వైరు పీకేశాడు. ఎర్రలైటు ఆరిపోయింది.

లత కదలకుండా నిలబడి ఉంది. మాస్కు పైన రెండు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ పిల్ల ఏదో అంది. గట్టిగా కాదు, అరవలేదు. నిదానంగా, చాలాసేపే మాట్లాడింది. గుడ్డ ఉబ్బుతోంది, అణుగుతోంది. బిక్షపతి ఆ గుడ్డ వైపే చూస్తూ ఉండిపోయాడు. మాటలు ఆగాయి.

"ఏమన్నవ్ బిడ్డా?" అన్నాడు. "నాకు ఇనబడలే. జర మాస్కు దించి చెప్పు."

లత మాస్కు దించలేదు. గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

అతను సుహాస్ వైపు తిరిగాడు. "ఏమన్నది సారు?" సుహాస్ నేల చూపులు చూస్తున్నాడు. విశాలాక్షి వైపు తిరిగాడు. "అమ్మా, జర మీరన్న చెప్పుండ్రి. ఏమన్నది నా బిడ్డ?" ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆఖరికి వాచ్‌మన్‌ను కూడా హిందీలో అడిగాడు. వాడికి తెలుగు రాదు.